బి-3

బర్కత్‌పురాలో కరెంటు డబ్బా పక్కన బాలమణి ఇస్త్రీ బండి.
తొమ్మిదేళ్లుగా నా నల్లకోటు
ఆమె చేతి కిందే వేడెక్కి చల్లారుతోంది.
ఏనాడూ పైసా తీసుకోలేదు.
"కోర్టు బట్ట మేడం, పున్నెం."

మూడు లక్షల అరవై వేలు
విఠలేశ్వర్ గారి చేతిలో పెట్టింది.
నోటు లేదు, స్టాంపు లేదు.
సాక్షి ఒక్కడే, మరిది.
వాడు పొద్దున పదింటికే తూలుతుంటాడు.
"ఆయన మెట్ల కిందనే పన్నెండేండ్లు బతికిన,
కాయిదం ఎట్లడుగుత?"

నేను నమ్మాను.
చిట్టీ ఎత్తిన నెల, కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు రంగు,
ఆయన లెక్కపెట్టకుండానే బీరువాలో పడేసిన తీరు,
అన్నీ చెప్పింది.
అల్లినవాళ్లకు రబ్బరు బ్యాండు గుర్తుండదు.
కానీ నా నమ్మకానికి
ఎవరూ ఎగ్జిబిట్ నంబరు వేయరు.

పురానీ హవేలీ. ఫ్యాను తిరగని కోర్టు హాలు.
అవతలి లాయరు గొంతు కూడా పెంచలేదు.
"ఈ వేలిముద్ర మీదేనా అమ్మా?"
తెల్ల రేషన్ కార్డు కోసం తీసుకున్న ఆదాయం సర్టిఫికెట్.
ఏడాదికి అరవై వేలు.
"అందులోనే తిని, అద్దె కట్టి,
మూడు లక్షల అరవై వేలు అప్పిచ్చారు. అంతేనా?"

బాలమణి నా వైపు చూసింది.
జడ్జిగారు పెన్ను మూత పెట్టారు.
ఆ టిక్కుమనే చప్పుడు
ఇప్పటికీ రాత్రిళ్లు వింటాను.

ఈ ఊళ్లో అలాంటి కాగితం లేని గల్లీ ఏది?
జ్వరమని వాయిదా అడిగి
నేను కొంపల్లిలో పెళ్లి భోజనం చేయలేదా?
కోర్టులో అబద్ధానికి సైజుండదు. నంబరుంటుంది.
బి-3.

తర్వాత విఠలేశ్వర్ బోనెక్కాడు.
తెల్ల లాల్చీ, చేతుల మీద కత్తిలాంటి మడత.
వేరే ఎవరో చేశారు, బాలమణి మడత అంత పదునుండదు.
"పాపం, మా ఇంటి మనిషి లాంటిదే" అన్నాడు.
తారీకులన్నీ తడుముకోకుండా చెప్పాడు.

లోక్ అదాలత్‌కు ముందు మాట వచ్చింది: ఎనభై వేలు.
తీసుకో అన్నాను.
నిన్ను నమ్మకపోతే సున్నా, పైన వాళ్ల ఖర్చులు అన్నాను.
"మీరు నమ్ముతరా?"
"నమ్ముతాను."
"మరి?"
ఆ 'మరి'కి నా దగ్గర ఏ సెక్షనూ లేదు.

శనివారం. ప్లాస్టిక్ కుర్చీలు, బెంచి ముందు నీలం గుడ్డ.
నేను నోరు తెరిచేలోపే ఆమె లేచింది.
"ఆ కాయిదం అబద్ధం సార్. బియ్యం కోసం నేనే రాయించిన.
కార్డు తీసేస్కోండ్రి.
పైసలిచ్చింది మాత్రం నిజం.
రేపు పెద్ద సార్ ముంగట గూడ గిదే చెప్త."

అవతలి లాయరు మొదటిసారి
తన మనిషి చెవి దగ్గరకు వంగాడు.
ఒప్పుకున్న అబద్ధాన్ని మళ్లీ బయటపెట్టలేం,
అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.
టీ వచ్చింది. మీగడ కట్టింది.
ఎనభై కాస్తా లక్షా ఇరవై అయింది.
ఇంకోసారి వంగి లేచాక, రెండు లక్షల పదివేలు.

"ఇప్పుడు పోరాడితే మొత్తం రావచ్చు" అన్నాను గుసగుసగా.
రావచ్చు. మూడేళ్లకు. అప్పీలు వేయకపోతే.
"కార్డు మీద అయిదుగురం తింటం మేడం" అంది,
ఇంకు బొటనవేలికి పూసుకుంటూ.

పోయిన లక్షన్నర ఏ ఖాతాలో రాయాలి?
బియ్యం ఖాతాలోనా?
దావా వేసేముందు కార్డు గురించి అడగాల్సింది నేను.
అడగలేదు.

సోమవారం కోటు తెచ్చిచ్చింది.
"ఇరవై రూపాయలు మేడం."
తొమ్మిదేళ్లలో మొదటిసారి.
ఇచ్చాను.
బండి కింది నుంచి కొత్త నోట్‌బుక్ తీసింది,
దారంతో కట్టిన పెన్ను.
"ఇచ్చినట్టు సంతకం పెట్టుండ్రి."

పెట్టాను.
తారీకు కూడా వేయించింది.